చెరువు గట్టు మీది ఫోన్‌ను బట్టే యాప్

మీ ప్రశ్న – మా జవాబు

చేయాల్సిన పనులు రాసి పెట్టుకునే యాప్‌ల గురించి ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. దాదాపు అన్నిటి సారాంశం ఒకటే: ఒకే కంపెనీ ఫోన్లలో నడిచే యాప్ మంచిదా, ఏ ఫోన్‌లోనైనా నడిచేది మంచిదా? ఇద్దరు ముగ్గురు అడిగినవాటిని ఒక ప్రశ్నగా కలిపి, ఊరి పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: ఉండి దగ్గర మాకు మూడు వనామీ చెరువులున్నాయండి. నాది ఐఫోన్, ఇంట్లో మ్యాక్. దాంతో వచ్చిన రిమైండర్స్ యాప్‌కి బాగా అలవాటు పడ్డాను. మా తమ్ముడిది, చెరువు చూసే కుర్రాడిది ఆండ్రాయిడ్. పనులన్నీ ఒకేచోట ఉండాలంటే నా యాప్ వదులుకోవాల్సిందేనా?
– రొయ్యల రైతు, ఉండి

జవాబు: చెరువు పనుల వరకు వదులుకోవాలి. మీ సొంత పనులకు వదులుకోనక్కర్లేదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. నేటివ్ యాప్ అనే మాటను జనం రెండు అర్థాల్లో వాడుతున్నారు. ఒక కంపెనీ పరికరాల్లో మాత్రమే దొరికే యాప్ అనేది మొదటి అర్థం. ఆపిల్ రిమైండర్స్, థింగ్స్ ఇలాంటివి. అన్ని ఫోన్లకూ దొరికినా, ఏ ఫోన్‌కి ఆ ఫోన్ సొంత పనిముట్లతో విడివిడిగా తయారుచేసిన యాప్ అనేది రెండోది. దుకాణాల్లో, వీడియోల్లో వాదనంతా రెండో అర్థం మీద నడుస్తుంది. మీ ఇబ్బంది మొదటి అర్థానిది. యాప్ లోపల ఎలా తయారైందన్నది మీకు ఇప్పుడు అక్కర్లేదు, మీ కుర్రాడి ఫోన్‌లోకి వస్తుందా రాదా అన్నదే కావాలి.

మీకు రిమైండర్స్ నచ్చడంలో తప్పేమీ లేదు. 2019లో ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 13తో ఆ యాప్‌ను కొత్తగా కట్టారు. 2020లో జాబితాలోని పనిని ఒకరికి అప్పగించే వీలు, 2021లో ట్యాగులు వచ్చాయి. ఐఫోన్‌లో మన మాట విని పనిచేసే సిరికి చెబితే రాసుకుంటుంది, ఫలానా చోటికి చేరగానే మోగుతుంది, వాచీలో కనిపిస్తుంది, వేరే ఖాతా తెరవాల్సిన పని లేదు. ఇంట్లో అందరివీ ఐఫోన్లే అయితే ఇంకో యాప్ వెతకొద్దని చెప్పేవాళ్లం.

అయితే ఆ జాబితాను పంచుకోవాలంటే అవతలివాళ్లు కూడా ఆపిల్ ఆన్‌లైన్ సేవ ఐక్లౌడ్‌లో రిమైండర్స్ వాడుతూ ఉండాలి. ఆండ్రాయిడ్‌కి ఆ యాప్ లేదు. ఆపిల్ ఖాతా తెరిచి బ్రౌజర్‌లో ఐక్లౌడ్ వెబ్‌సైట్ చూడొచ్చు గానీ, వేళకి ఫోన్ మోగదు. మీరు ఇంట్లో కూర్చుని రాసింది గట్టు మీద ఉన్న మనిషి జేబులో మోగకపోతే అది మీ డైరీ అవుతుంది గానీ చెరువు పనుల జాబితా కాదు. అందుకే పని రాసేవారి ఫోన్ కాదు, పని చేసేవారి ఫోన్ చూసి యాప్ ఎంచుకోవాలి.

మీ ముగ్గురికీ సరిపోయేవి: మైక్రోసాఫ్ట్ టు డూ, టుడూయిస్ట్, టిక్‌టిక్. మూడింటికీ ఆండ్రాయిడ్, ఐఫోన్, మ్యాక్, విండోస్ యాప్‌లున్నాయి. జాబితాను లింకుతోనో ఆహ్వానంతోనో పంచుకోవచ్చు. ముగ్గురు మనుషులు, మూడు చెరువులు అంటే మొదట టు డూతో మొదలుపెట్టండి. ఉచితం, తెర మీద గజిబిజి తక్కువ. గూగుల్ టాస్క్స్ మీ తమ్ముడి ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ, అందులో జాబితాను ఇంట్లోవాళ్లతో పంచుకోలేరు. గూగుల్ కీప్‌లో పంచుకోవచ్చు. కాకపోతే ఒక్కో వరుసకు విడిగా తేదీ పెట్టలేరు, ఎవరి పనో రాయలేరు. మేత, మందులు, డీజిల్ లాంటి సరుకుల చీటీకి అది బాగుంటుంది.

యాప్ పెట్టాక ఒక్కో చెరువుకి ఒక్కో జాబితా చేయండి. వాటిలో ఏం రాయాలో కన్నా ఏం రాయకూడదో ముందు చెబుతాం. రోజుకి నాలుగుసార్లు మేత వేయడం రాయొద్దు. మూడు చెరువులకి రోజుకి 12 టిక్కులు, నెలకి 360. కుర్రాడు వారం రోజులు కొడతాడు, తర్వాత పొద్దున్నే పన్నెండూ ఒకేసారి కొట్టేస్తాడు, ఆ తర్వాత యాప్ తెరవడమే మానేస్తాడు. మేత లెక్క, చెక్‌ట్రేలో మిగిలింది ఎంత అన్నది గట్టు మీది పుస్తకంలోనే ఉండనివ్వండి. వారానికోసారి విసురువలతో పట్టి తూకం చూడటం, నీళ్ల పరీక్షకి ల్యాబుకి పంపడం, ఏరేటర్ గేర్‌బాక్సులో ఆయిల్ చూడటం, జనరేటర్‌ని ఊరికే ఒక పది నిమిషాలు నడిపి చూడటం, సున్నం వేయడం: ఇవి యాప్‌కి తగ్గ పనులు. రోజూ చేసేవి కావు కాబట్టి మరుపు వీటికే వస్తుంది.

తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) చూడటాన్ని మాత్రం ఏ యాప్‌కీ అప్పగించొద్దు. రాత్రంతా నీళ్లలోని ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ లేక కొత్తది తయారవదు. అందుకే సూర్యోదయానికి ముందే డీవో అడుగంటుతుంది. 4 పీపీఎం దిగకుండా చూసుకోవాల్సిన వేళ అది. ఆ పనికి ఫోన్‌లోని గడియారం యాప్‌లో అలారం పెట్టాలి, అదీ రెండు ఫోన్లలో. కారణం తర్వాతి జవాబులో ఉంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. జాబితాలు మీ ఖాతాలోంచే సృష్టించి కుర్రాడికి పంచండి, అతని ఖాతాలోంచి మీకు పంచేలా వద్దు. అతను పని మానేసిన రోజు పేరు తీసేస్తే సరిపోతుంది. తలకిందులుగా చేస్తే జాబితా అతనితో పోతుంది. టు డూలో ‘మై డే’ అనే పేజీ ప్రతి రాత్రి ఖాళీ అవుతుంది. పని అసలు జాబితాలో భద్రంగానే ఉంటుంది గానీ, తేదీ పెట్టకుండా మై డేలో మాత్రమే వేసినవారికి మర్నాడు అది మాయమైనట్టు కనిపిస్తుంది. ప్రతి పనికీ తేదీ పెట్టడం అలవాటు చేయండి.

ప్రశ్న: అన్ని ఫోన్లలో నడిచే యాప్ కదా అని పెట్టుకున్నామండి. నా ఫోన్‌లో బాగానే మోగుతోంది, మావారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒకరోజు మోగుతుంది, ఒకరోజు మోగదు. అత్తయ్యగారి మందుల వేళ రెండుసార్లు తప్పింది. యాప్ మార్చాలా?
– గృహిణి, పాలకొల్లు

జవాబు: యాప్ మార్చకముందు ఆ ఫోన్‌ను సరిచేయండి. ఇలాంటి ఫిర్యాదుల్లో తప్పు తరచు ఫోన్ సెట్టింగుల్లోనే దొరుకుతుంది. కంపెనీని బట్టి మాటలు కాస్త మారతాయి గానీ వరుస ఇదే.

మొదట సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, నోటిఫికేషన్స్ తెరవండి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, నోటిఫికేషన్ చూపడానికి ప్రతి యాప్ మన అనుమతి అడగాలి. పెట్టిన రోజు చిరాకుగా ‘వద్దు’ నొక్కి ఉంటే ఇక అది నోరెత్తదు.

రెండోది, సెట్టింగ్స్‌లోనే స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో అలారమ్స్ అండ్ రిమైండర్స్. సరిగ్గా చెప్పిన నిమిషానికే మోగడానికి ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ అనుమతి వేరేగా ఉంది. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా పెట్టుకున్న చాలా యాప్‌లకి ఇది ముందే ఆపి ఉంటుంది, మనమే తెరిచి ఇవ్వాలి. ఇది లేకపోతే మోగడం పూర్తిగా ఆగకపోవచ్చు, ఫోన్‌కి వీలైనప్పుడు ఆలస్యంగా మోగుతుంది. ‘ఒకరోజు మోగుతుంది, ఒకరోజు మోగదు’ అన్నారే, ఆ లక్షణం దీనికి సరిగ్గా అతుకుతుంది.

మూడోది బ్యాటరీ. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోన్‌ను కదపకుండా పక్కన పెడితే అది కునుకు తీస్తుంది, యాప్‌ల పనులన్నీ వాయిదా వేస్తుంది. ఆ యాప్ పేజీలో బ్యాటరీ నొక్కి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో దీనికితోడు ఆటోస్టార్ట్ అనే మీట ఉంటుంది, అదీ వేయాలి. ఫోన్ ఆగి మళ్లీ వెలిగినప్పుడు పెట్టిన అలారాలన్నీ చెరిగిపోతాయి. యాప్ తనంతట తాను లేచి మళ్లీ రాసుకోవాలి. ఆటోస్టార్ట్ లేకపోతే లేవలేదు.

మీవారు సాయంత్రం యాప్‌లన్నీ తుడిచేస్తూ ఉంటారా, కనుక్కోండి. కొన్ని ఫోన్లలో అలా తుడిస్తే యాప్‌ను బలవంతంగా ఆపినట్టే లెక్క. మళ్లీ చేత్తో తెరిచేదాకా మోగదు.

ఇవన్నీ సరిచేసినా ఒక సందు మిగులుతుంది. రాత్రి ఫోన్ దానంతట అది ఆగి వెలిగితే, ఒక్కసారైనా లాక్ తీసేదాకా మామూలు యాప్‌లు పని మొదలుపెట్టవు. గడియారం యాప్ మాత్రం లాక్ తీయకముందే మోగగలిగేలా తయారై ఉంటుంది. అందుకే మందులకి, మోటారుకి, డీవోకి గడియారం అలారమే పెట్టమనడం.

మీరు పెట్టిన గంట ఆయన ఫోన్‌లో మోగాలంటే ఆ సమాచారం ముందు ఆయన ఫోన్‌కి చేరాలి. డేటా ఆపి ఉన్నా, డేటా సేవర్ వేసి ఉన్నా చేరకపోవచ్చు, చేరనిది మోగదు. పైగా పంచుకున్న జాబితాలో ఒకరు పెట్టిన గంట రెండోవారికి మోగడం అన్ని యాప్‌లలో ఒకేలా లేదు. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పది నిమిషాల తర్వాతకి ఒక పని రాసి చూడండి. రెండూ మోగితే సరే. ఒకటే మోగితే ఎవరి గంట వాళ్లే పెట్టుకోవాలని అర్థం.

ప్రశ్న: కొబ్బరి దింపు 45 రోజులకోసారి అని యాప్‌లో పెట్టాను. రెండు దింపులయ్యాక తేదీలు మాకూ దానికీ పొంతన లేకుండా పోయాయి. అలాగే అమావాస్య, ఏకాదశి పెట్టుకోవడం ఎలా?
– కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: మీ యాప్ 45 రోజుల్ని గడువు తేదీ నుంచి లెక్కిస్తోంది, మీకు కావాల్సింది దింపు జరిగిన రోజు నుంచి. జూన్ 1న దింపాలని పెట్టారనుకోండి. దింపువాళ్లు దొరక్క జూన్ 11న దించారు. గడువు నుంచి లెక్కిస్తే తర్వాతి తేదీ జూలై 16, అంటే 35 రోజులకే. కాయ ముదరదు. జరిగిన రోజు నుంచి లెక్కిస్తే జూలై 26.

యాప్ ఎంచుకునే ముందే దీన్ని ఒక నిమిషంలో పరీక్షించొచ్చు. నిన్నటి తేదీతో ‘ప్రతి 45 రోజులకి’ అని ఒక పని రాసి, ఈరోజు టిక్కు కొట్టండి. వచ్చే తేదీ నిన్నటి నుంచి 45 రోజులా, ఈరోజు నుంచా చూడండి. టిక్‌టిక్‌లోనూ, ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉన్న టాస్క్స్ డాట్ ఆర్గ్‌లోనూ, ఆపిల్‌కి మాత్రమే ఉన్న థింగ్స్‌లోనూ పూర్తయిన రోజు నుంచి లెక్కించమని చెప్పే వీలుంది. టుడూయిస్ట్‌లో ఇంగ్లిషులో ‘ఎవ్రీ 45 డేస్’ అని రాస్తే గడువు నుంచి లెక్క, ‘ఎవ్రీ’ పక్కనే ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే పూర్తయిన రోజు నుంచి లెక్క. ఆ ఒక్క గుర్తు తెలియక చాలామంది యాప్‌ను తిట్టుకుంటారు. ఆపిల్ రిమైండర్స్ గడువు తేదీనే పట్టుకుంటుంది. కాబట్టి దింపు, ఎరువు, ఇంజన్ ఆయిల్ మార్చడం లాంటి పనులకి అది నప్పదు. కరెంటు బిల్లు, బడి ఫీజు, చిట్టీ వాయిదా లాంటివాటికి గడువు లెక్కే సరైనది. రెండు రకాలూ కావాలి మనకి.

తిథుల సంగతి వేరు. పైన చెప్పిన యాప్‌లలో తిథి ప్రకారం తిరిగి వచ్చే పని పెట్టే వీలు దేనికీ లేదు. అమావాస్యకీ అమావాస్యకీ మధ్య సగటున 29.5 రోజులు. ‘30 రోజులకోసారి’ అని పెడితే నెలకి అర రోజు చొప్పున జరిగి, పన్నెండు నెలలకి దాదాపు ఆరు రోజులు తప్పుతుంది. పోటు చూసి నీళ్లు పెట్టుకునే కాలవ చివరి చెరువులవాళ్లకి ఆరు రోజుల తప్పు అంటే పోటుకి బదులు పాటు ఎదురవుతుంది. ఉగాదికి పంచాంగం చేతికి రాగానే పన్నెండు అమావాస్యలూ చేత్తో రాసుకోవడమే దారి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చినట్టు అధికమాసం ఉన్న ఏడాది పదమూడు రాయాలి. అరగంట పని. సాగునీటి వంతుల్ని కూడా ‘ప్రతి వారం’ అని పెట్టొద్దు. దాళ్వాలో వంతు తేదీలు నీటి మట్టాన్ని బట్టి మారుతుంటాయి, ప్రకటించినప్పుడల్లా విడిగా రాసుకోండి.

ప్రశ్న: నర్సరీ ఆఫీసులో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్. పనుల యాప్, వాట్సాప్, బిల్లులు మూడూ తెరిస్తే కదలదు. నేటివ్ యాప్ అయితే తేలిగ్గా ఉంటుందంటున్నారు, నిజమేనా?
– నర్సరీ నిర్వాహకుడు, కడియం

జవాబు: నిజమే. మొదటి జవాబులో చెప్పిన రెండో అర్థం పనికొచ్చేది ఇక్కడే. కంప్యూటర్‌లో నడిచే చాలా యాప్‌లని ఎలక్ట్రాన్ అనే పద్ధతిలో తయారుచేస్తారు. అంటే లోపల క్రోమియం బ్రౌజర్ మొత్తం ఉంటుంది. అలాంటి యాప్‌లు మూడు తెరిస్తే మూడు బ్రౌజర్లు తెరిచినట్టే. తయారుచేసేవాళ్లకి ఒకసారి రాస్తే విండోస్‌కీ మ్యాక్‌కీ సరిపోతుంది, భారం మన ర్యామ్ మీద పడుతుంది. టుడూయిస్ట్ కంప్యూటర్ యాప్ ఇలాంటిదే. దాని ఫోన్ యాప్‌లు మాత్రం ఏ ఫోన్‌కి ఆ ఫోన్ పద్ధతిలో చేసినవి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ అన్న నిలువు వరుస మీద నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. పనుల యాప్ మూడు నాలుగు వందల ఎంబీ తింటుంటే దాన్ని తీసేసి, అదే సేవను మీరు ఎలాగూ తెరిచి ఉంచే బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌గా వాడండి. వాట్సాప్ కూడా అదే బ్రౌజర్‌లో పెట్టండి. ఒక్క బ్రౌజరే నడుస్తుంది కాబట్టి తేడా తెలుస్తుంది. తప్పేమిటంటే, బ్రౌజర్ మూసేస్తే గుర్తుచేయడం ఆగిపోవచ్చు. లారీ లోడింగు వేళలు, అంటు కట్టే మనుషుల్ని పిలవాల్సిన రోజులు ఫోన్‌లోనే మోగేలా ఉంచుకోండి.

చేయగలిగితే 4 జీబీని 8 చేయించండి. ఏ యాప్ మార్పూ దానికి సాటి రాదు. ర్యామ్ మార్చే వీలున్న మోడలో కాదో ముందు చూపించుకోండి. కొన్నిటిలో బోర్డుకే అతికించి ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంటే దానికి మామూలు భద్రతా సహాయం 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందన్నదీ లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: నాది శాంసంగ్ ఫోన్, ఆఫీసులో విండోస్. ఫోన్‌తో వచ్చిన రిమైండర్ యాప్ నాకు చాలు. కంప్యూటర్‌లో కనిపించే దారి ఉందా?
– బ్యాంకు ఉద్యోగిని, తణుకు

జవాబు: ఉంది. శాంసంగ్ రిమైండర్ సెట్టింగుల్లో మైక్రోసాఫ్ట్ టు డూతో కలిపే వీలుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే తేదీ, వేళ ఉన్న పనులు కంప్యూటర్‌లోని టు డూలోనూ కనిపిస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లో బయటి ఖాతా వాడొచ్చో లేదో అడిగి చేయండి. ఖాతాదారుల పేర్లు, నంబర్లు అందులో రాయొద్దు.

ప్రశ్న: నలభై మంది ఇళ్లలో లేసు అల్లుతారు. ఆర్డర్లు, గడువులు యాప్‌లో పెడదామంటే సగంమందికి స్మార్ట్‌ఫోన్ లేదు.
– లేసు వ్యాపారి, నరసాపురం

జవాబు: పనుల యాప్ మీకు నప్పదండి. ఏదైనా సరే. అవి ఐదారుగురు ఒకరికొకరు పని చెప్పుకోవడానికి తయారైనవి. నలభై మంది చేతిలో ఎంత సరుకుందన్నది లెక్కల పట్టికలో ఉండాలి. గూగుల్ షీట్స్‌లో వరుసకి ఒక మనిషి, నిలువుగా ఆర్డరు, డిజైను, ఇచ్చిన నూలు బరువు, ఇచ్చిన రోజు, రావాల్సిన రోజు, వచ్చిన ముక్కలు, కట్టిన కూలి. ఊళ్లలో తిరిగి సరుకు తెచ్చే నలుగురైదుగురికి మాత్రం పనుల యాప్ పెట్టి, ‘మంగళవారం ఫలానా వీధిలో 60 ముక్కలు తేవాలి’ లాంటివి అందులో రాయండి. ఆ నలుగురిలో ఒక్కరిది వేరే కంపెనీ ఫోన్ అయినా అన్ని ఫోన్లలో నడిచేదే ఎంచుకోవాలి.

ప్రశ్న: యాప్‌లో పనులు తెలుగులో రాస్తున్నాను. ‘రేపు ఉదయం’ అని రాస్తే తేదీ పట్టుకోవడం లేదు. వెతికితే కొన్ని దొరకడం లేదు.
– ఉపాధ్యాయురాలు, అమలాపురం

జవాబు: రాసిన వాక్యంలోంచి తేదీ పట్టుకునే యాప్‌లు కొన్ని భాషలకే ఆ పని చేస్తాయి. టుడూయిస్ట్ చదివే భాషల్లో తెలుగు లేదు. పని తెలుగులో రాసి, తేదీని క్యాలెండర్ గుర్తు నొక్కి పెట్టండి. లేదా తేదీ ఒక్కటి ఇంగ్లిషులో రాయండి, రెండు భాషలూ ఒకే వరుసలో ఉన్నా పర్వాలేదు.

వెతికితే దొరకకపోవడానికి కారణం అక్షరాలే. యాప్ అర్థాన్ని చూడదు, అక్షరాలు సరిపోయాయా అని చూస్తుంది. ఒకచోట ‘పరీక్ష పత్రాలు’, ఇంకోచోట ‘పరీక్షా పత్రాలు’ అని ఉంటే రెండోది దొరకదు. పొల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చే ఇంగ్లిషు మాటల్లో ఇంకో చిక్కుంది. ‘ఆన్‌లైన్’ అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పడాలి. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకోటి వేయక ‘ఆన్లైన్’ అని కలిపేస్తుంది. అందుకే వెతికేటప్పుడు మాట మొత్తం కాకుండా మొదటి రెండు మూడు అక్షరాలే కొట్టండి. ‘పరీక్ష’ అని ఆపితే రెండూ దొరుకుతాయి. ఇలాంటి తేడాల్లేకుండా ఉండాలంటే తరగతి, సబ్జెక్టు లాంటివాటికి ట్యాగులు పెట్టి, టైపు చేయకుండా జాబితాలోంచి ఎంచుకోండి.

ప్రశ్న: నేనొక్కణ్నే. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ మూడూ ఉన్నాయి. ఎవరితోనూ పంచుకోను. డబ్బు పెట్టి థింగ్స్ కొనొచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: కొనొచ్చు. నెలనెలా కట్టక్కర్లేదు, ఒకసారి కొంటే చాలు. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ మూడింటికీ విడివిడిగా కొనాలి, ధర మూడూ కలిపి చూసుకోండి. పంచుకునే వీలు అందులో అసలు లేదు, ఆండ్రాయిడ్‌కీ విండోస్‌కీ లేదు. ఉద్యోగంలో చేరాక కంపెనీ విండోస్ ల్యాప్‌టాప్ ఇస్తుందని అనుకుంటే ఇప్పుడు ఫోన్‌కి మాత్రం కొని, మ్యాక్‌ది ఆపండి. ఒక నెల రిమైండర్స్‌తోనే గడిపి, ఏది చాలలేదో కాగితం మీద రాయండి. ఏమీ రాయలేకపోతే కొనక్కర్లేదు.

ప్రశ్న: ఈ కంపెనీలు ఎప్పుడు మూతపడతాయో తెలియదు. మూడేళ్ల పనులు, లెక్కలు అందులో ఉన్నాయి. జాగ్రత్త ఏమిటి?
– రైస్ మిల్లు గుమాస్తా, మండపేట

జవాబు: మీ భయం ఉత్తిది కాదు. వండర్‌లిస్ట్ అనే యాప్ అన్ని ఫోన్లలో నడిచేది, బాగా పేరున్నది. 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న మూసేసింది. ముందే చెప్పి, టు డూలోకి మార్చుకునే దారి ఇచ్చారు కాబట్టి ఆ గడువులో కదిలినవాళ్లు బాగానే బయటపడ్డారు.

ఏడాదికి రెండుసార్లు నకలు తీసుకోండి. సార్వా కోతలయ్యాక ఒకసారి, దాళ్వా ధాన్యం దిగాక ఒకసారి అని పెట్టుకుంటే గుర్తుంటుంది. టిక్‌టిక్ వెబ్‌సైట్ సెట్టింగుల్లో బ్యాకప్ నొక్కితే సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) ఫైలు దిగుతుంది. టుడూయిస్ట్‌లో ఒక్కో ప్రాజెక్టునూ సీఎస్‌వీగా తీయొచ్చు. గూగుల్ టాస్క్స్‌వి గూగుల్ టేకౌట్‌లో దొరుకుతాయి, జేసన్ అనే రూపంలో వస్తాయి. మామూలుగా చదవడానికి ఇబ్బందే గానీ భద్రం. ఆపిల్ రిమైండర్స్‌వి కావాలంటే ఆపిల్ ప్రైవసీ వెబ్‌సైట్‌లో మీ సమాచారం నకలు అడగాలి, వెంటనే రాదు, కొన్ని రోజులు పడుతుంది.

సీఎస్‌వీని నేరుగా రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. ఫైలు పాడైందని తీసేయకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ’ ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెడితే తెలుగు సరిగా వస్తుంది. అందులోనూ పనుల పేర్లు, తేదీలు వస్తాయి గానీ, అతికించిన ఫొటోలు, తూకం చీటీలు రావు. మళ్లీ మళ్లీ వచ్చే పనుల లెక్కలు కొత్త యాప్‌లో సరిగా కూర్చోకపోవచ్చు, వాటిని చేత్తో రాసుకోండి.

యాప్ మారే రోజు వస్తే, అయిపోయిన పనుల్ని మోయకండి. నకలు ఫైల్లో అవి ఎలాగూ ఉన్నాయి. మిగిలినవి ఒక్క సాయంత్రం కూర్చుని ఎక్కించి, పాత యాప్ నోటిఫికేషన్లు ఆ రోజే ఆపండి. లేకపోతే ఒకే పనికి రెండు యాప్‌లూ మోగి, ఒకచోట టిక్కు కొట్టి రెండోచోట వదిలేస్తారు. పాత యాప్‌ను నెల రోజులు ఫోన్‌లో ఉంచి, ఆ తర్వాత ఖాతాతో సహా తీసేయండి.

ఇంకొకటి. ధాన్యం బస్తాల లెక్క, రైతులకి ఇవ్వాల్సిన బాకీలు పనుల యాప్‌లో రాస్తున్నట్టు మీ ఉత్తరంలో ఉంది. టిక్కు కొట్టగానే కళ్లముందు నుంచి పోయే చోట డబ్బు లెక్క ఉండకూడదు. అవి ఈ వారమే పద్దు పుస్తకంలోకి మార్చండి, యాప్‌లో ‘ఫలానా రైతుకి శనివారం చెల్లించాలి, పద్దు 42’ అన్నంత వరకే ఉంచండి.